ఆరు కళ్లు చూసినా ఆగని చెల్లింపు

అమెరికాలోని సిటీబ్యాంకు 2020 ఆగస్టు 11న పంపాల్సింది సుమారు 78 లక్షల డాలర్లు. పంపింది దాదాపు 90 కోట్ల డాలర్లు, అంటే దాదాపు 115 రెట్లు. సౌందర్య సాధనాల కంపెనీ రెవ్లాన్ అప్పుకు సంబంధించి ఆ రోజు రుణదాతలకు చేరాల్సింది వడ్డీ మాత్రమే. 2023 దాకా గడువున్న అసలు కూడా బ్యాంకు సొంత సొమ్ములోంచి వాళ్ల ఖాతాల్లో పడిపోయింది.

తనిఖీ లేక జరిగిన పొరపాటు కాదిది. అక్కడ ‘ఆరు కళ్ల’ నిబంధన ఉంది: ఒకరు వివరాలు ఎక్కించాలి, రెండోవారు సరిచూడాలి, మూడోవారు ఆమోదించాలి. మన బ్యాంకుల్లోని మేకర్, చెకర్ పద్ధతికి ఇంకో మెట్టు ఎక్కువ. మొదటి ఇద్దరూ భారత్‌లోని విప్రో ఉద్యోగులు, మూడోవారు అమెరికాలోని సిటీ అధికారి. ముగ్గురూ చూశారు, ముగ్గురూ సరే అన్నారు.

తెర మీద ఏముంది?

వాళ్లు వాడిన సాఫ్ట్‌వేర్ ఫ్లెక్స్‌క్యూబ్. అసలు బయటికి పోకుండా బ్యాంకు అంతర్గత ఖాతాకు మళ్లాలంటే ‘ప్రిన్సిపల్’, ‘ఫ్రంట్’, ‘ఫండ్’ అనే మూడు గడులూ నింపాలి. విషయం అసలు గురించే కదా అని ‘ప్రిన్సిపల్’ ఒక్కటే నింపి సరిపెట్టారు. మిగతా రెండు పేర్లు చూసి వాటి పనేమిటో ఊహించడం కష్టం.

చివర్లో హెచ్చరిక కూడా వచ్చింది: డబ్బు బ్యాంకు బయటికి వెళ్తుంది, కొనసాగాలా అని. ఎంత డబ్బో అందులో లేదు. వడ్డీ ఎలాగూ బయటికి వెళ్లాల్సిందే. ఇక అనుమానం దేనికి వస్తుంది?

డిజైనర్ పని ఇక్కడే. రంగులు, అక్షరాల తీరు అందులో ఒక భాగం మాత్రమే. మనిషి నిర్ణయం తీసుకునే చోట అతనికి కావాల్సిన సమాచారం ఉందా లేదా అన్నది పెద్ద భాగం. ఈ తెరనే తిరగరాయాలంటే మూడు గడుల బదులు ఒకే ప్రశ్న చాలు: అసలు బ్యాంకులోనే ఉండాలా, బయటికి వెళ్లాలా? హెచ్చరికలో వెళ్లే మొత్తం అంకెల్లో కనిపించాలి.

డిజైనర్లు గుర్తుంచుకోవాల్సిన కొలతలు

48: తాకే బటన్‌కు గూగుల్ సూచించే కనీస కొలత 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. ఆపిల్ సూచన 44 పాయింట్లు. గురి ఎంత చిన్నదై, ఎంత దూరమైతే అందుకోవడానికి అంత ఎక్కువ సమయం పడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే సూత్రీకరించారు.

4.5: అక్షరానికీ, దాని వెనకున్న రంగుకూ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ సౌలభ్య ప్రమాణం. పెద్ద అక్షరాలకు 3:1 చాలు. తెలుపు మీద నలుపు 21:1. లేత బూడిదరంగు అక్షరాలు చాలాసార్లు ఈ పరీక్షలో తప్పుతాయి.

0.1, 1, 10: నొక్కాక 0.1 సెకనులో స్పందన వస్తే వెంటనే జరిగినట్టుంటుంది. 1 సెకను దాకా ఆలోచన తెగదు. 10 దాటితే మనసు వేరే పనిమీదకు పోతుంది, అందుకే ఎంత పూర్తయిందో చూపిస్తూ ఉండాలి.

5: ఒక నమూనాను ఐదుగురితో వాడించి గమనిస్తే, అందులోని ఇబ్బందుల్లో సుమారు 85 శాతం బయటపడతాయని వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ లెక్క. ఇది అంచనాయే, హామీ కాదు.

మళ్లీ సిటీ సంగతికి వస్తే, పంపిన సొమ్ములో సుమారు 50 కోట్ల డాలర్లు కొందరు రుణదాతలు తిరిగివ్వలేదు. 2021లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది.

నీల్సన్ చెప్పిన ఐదుగురికీ, ఈ ముగ్గురికీ తేడా ఉంది. ఆ ఐదుగురు పని చేస్తూ ఎక్కడ తడబడుతున్నారో పక్కనుంచి ఒకరు చూస్తారు. ఈ ముగ్గురూ తెర చెప్పింది నమ్మి ఆమోదించారు. తెర అలాగే ఉంటే నాలుగో సంతకం పెట్టేవారూ అదే నమ్ముతారు. కస్టమర్ల యాప్‌లను పరీక్షించినట్టే, సిబ్బంది వాడే తెరలనూ వాళ్లతోనే వాడించి చూడాల్సింది ఇందుకే.