పందిట్లో పెళ్లికొడుకు మాయం

పెళ్లి ముహూర్తం దగ్గరపడుతోంది. అంతలో అడ్డం పడి ఎత్తుకుపోయారు. పెళ్లికూతుర్ని కాదండోయ్, పెళ్లికొడుకుని! అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ ఈ సందడితో మొదలవుతుంది. ఆ పెళ్లికూతురు అన్నాంబిక. ఎత్తుకుపోయింది పేరుమోసిన గజదొంగ గన్నారెడ్డి. 2015లో వచ్చిన సినిమాలో గన్నారెడ్డిగా అల్లు అర్జున్‌ని చూసి ఈల వేసినవాళ్లలో ఎంతమంది ఈ పుస్తకం తెరిచారో గానీ, ఈ మధ్య రెండోసారి చదివిన నాకు మాత్రం వదలబుద్ధి కాలేదు.

చిన్నప్పుడు కథ కోసం పేజీలు తిప్పేశాను. ఇప్పుడు చదివితే బాపిరాజులోని చిత్రకారుడు అడుగడుగునా కనిపించాడు. నగలు, పట్టుబట్టలు, కోటగోడలు ఒకటీ వదలడు. ఒక్కోసారి ఆ వర్ణన మరీ ఎక్కువై కథ కాళ్లకు అడ్డం పడుతుంది. అక్కడ రెండు పేరాలు దాటేసినా పాపం లేదు.

‘ఇందులో నిజమెంత?’ అని అడిగేవాళ్లకు రాయచూరు కోట చూపిస్తాను. ఆ కోటగోడలో 41 అడుగులకు పైగా పొడవున్న ఒకే ఒక్క రాతిపలక ఉంది. దానిమీద 1294 నాటి తెలుగు శాసనం. గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు ఆ కోట కట్టించిన సంగతి అందులో ఉంది. అంత బండని బండి మీద పశువులు లాక్కొస్తున్న బొమ్మ కూడా చెక్కారు. అప్పటికి ఓరుగల్లులో రాజు ప్రతాపరుద్రుడు. ఆయనకు ముందు ఏలిన కాకతీయ రాణి రుద్రమ మరణాన్ని తెలిపే చందుపట్ల శాసనం 1289 నాటిది. అంటే రాయి మనకు చూపించేది రుద్రమ పోయాక ఉన్న గన్నారెడ్డిని. బాపిరాజుకు కావలసింది మాత్రం రుద్రమ తొలినాళ్ల కుర్రవాడు. ఆ కుర్రవాణ్ణి ఆయన ఊహించుకున్నాడు. మగపేరుతో రాజ్యమేలే రుద్రమ మాత్రం ఊహ కాదు. శాసనాలే ఆమెను ‘రుద్రదేవ మహారాజు’ అన్నాయి.

ఇది పూర్తయ్యాక నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’ అందుకోండి. రేపల్లెలో వకీలుగా ఉన్న మనిషి కదా, సాక్ష్యం లేనిదే అడుగు వేయడేమో అనిపిస్తుంది. భాష బరువు, నడక నిదానం. అదే రాణి, వేరే లోకం.

రాజులూ రాణులూ చాలనుకుంటే బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ ఉంది. 2019లో సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చుకున్న నవల. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమ, పాలెగాళ్ల ఏలుబడి, కరువు. కోటలో ఎవరున్నా, కథ మాత్రం బయట మందలు కాచుకునేవాళ్లవైపు, అణగారిన కులాలవైపు తిరుగుతుంది. సీమ యాస అలవాటు లేనివాళ్లు మొదటి ముప్పై పేజీలు ఓపిక పట్టాలి. ఆ తర్వాత పుస్తకమే మిమ్మల్ని లాక్కుపోతుంది. నాకు రెండు రాత్రులు నిద్ర లేదు.