మూతబడ్డ మిల్లులోకి బొమ్మలేసేవాళ్లు ఎందుకెళ్తారు?

రామతీర్థం వెళ్తే గురుభక్తులకొండ ఎక్కకుండా రాను. పైన బౌద్ధ విహారపు ఇటుక పునాదులు, పక్కనున్న బోధికొండ గుహల్లో జైన తీర్థంకరుల శిల్పాలు, కిందికి దిగితే రాములవారి కోవెల. చోటు ఒకటే, వాడుకున్నవాళ్లు మారారు.

మొన్న సెలవుల్లో ఆ మెట్ల మీద కూర్చుని మా చిన్నాన్నతో అన్నాను: "పాత ఫ్యాక్టరీల్ని ఆర్టిస్టులు స్టూడియోలు చేసుకుంటున్నారు తెలుసా?" ఆయన ఓ జూట్ మిల్లులో పనిచేసేవాడు. అదిప్పుడు మూతబడి ఉంది. "బొమ్మలేసుకోడానికా? మరి మాకేటి మిగిల్తాది?" అన్నాడు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఫిజిక్స్‌లో డేవిసన్-జెర్మర్ ప్రయోగం చదివాం కదా, ఎలక్ట్రాన్ తరంగంలా ప్రవర్తిస్తుందని 1927లో తేల్చింది. అది జరిగింది న్యూయార్క్‌లో వెస్ట్ స్ట్రీట్ మీదున్న బెల్ ల్యాబ్స్ భవనంలో. ల్యాబ్ ఖాళీ చేశాక, ఆర్కిటెక్ట్ రిచర్డ్ మయ్యర్ దాన్ని కళాకారుల ఇళ్లు, స్టూడియోలుగా మార్చాడు. 1970లో 'వెస్ట్‌బెత్' పేరుతో తెరిచారు. ఇప్పటికీ నడుస్తోంది.

ఫ్యాక్టరీలే ఎందుకంటే కారణం మన సబ్జెక్టే. యంత్రాల బరువు మోసేలా వేసిన ఫ్లోరు రాతి శిల్పాన్నీ మోస్తుంది. కప్పు ఎత్తు, స్తంభాలు దూరం, సరుకు లిఫ్టు పెద్దది. ఇక రంపంపళ్ల కప్పు: అద్దాలు ఉత్తరం వైపు పెడితే ఎండ నేరుగా పడకుండా వెలుగు సమంగా వస్తుంది. దారం చూసే కార్మికుడికీ, రంగు చూసే చిత్రకారుడికీ కావలసింది అదే. కాకపోతే మన 18 డిగ్రీల అక్షాంశంలో మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరానే ఉంటాడు. కాబట్టి ఇక్కడ అద్దాలపైన చూరు కూడా కావాలి.

అసలు చిక్కు అద్దె దగ్గర. న్యూయార్క్ సోహోలో 1960లలో కళాకారులు ఖాళీ ఫ్యాక్టరీల్లో చవగ్గా చేరారు. పేటకి పేరొచ్చింది, అద్దెలు పెరిగాయి, చాలామంది పెట్టే బేడా సర్దుకోవాల్సి వచ్చింది. వెస్ట్‌బెత్ నిలబడింది లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉండబట్టే. మన పక్కనే, మద్రాసు శివార్లలో 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ మొదలుపెట్టిన చోళమండలంలో పాత ఫ్యాక్టరీ లేదు గానీ పాఠం అదే. కళాకారులు బాటిక్ బట్టలు అమ్మి, ఆ డబ్బుతో సొంతంగా భూమి కొనుక్కున్నారు. అద్దెకుంటే అతిథి, కొనుక్కుంటే ఊరివాడు.

చిన్నాన్నకి ఇప్పుడు నా జవాబు ఇది. మిల్లు నడిచే దారి ఉంటే మిల్లే నడవాలి. లేకపోతే, భవనం ఎవరి పేరున ఉంటుందో ముందు తేలాలి, అందులో కార్మికులకీ వాటా ఉండాలి. మగ్గం విప్పి బిగించగల చేతులకి వెల్డింగు, చెక్కపని, అచ్చుపని నేర్పే షెడ్డు ఒకటి అందులోనే ఉండాలి.

ఫోన్‌లో ఇదంతా చదివి వినిపించాను. కాసేపాగి, "ముందు బకాయిలు ఇమ్మనండ్రా" అన్నాడు.

అదీ ప్లాన్‌లో చేర్చాను, మొదటి లైన్‌గా.