ముందు ఆగాలి, తర్వాత నడవాలి

పాత బండి చేతికి రాగానే చాలామంది మొదట రంగు వేయిస్తారు. మెరిసే బండి చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ డబ్బంతా పైపూతకే అయిపోతే లోపలి తుప్పు అలాగే ఉండిపోతుంది. పాత పికప్‌ను బాగు చేయడానికి ఒక వరస ఉంది. అది ఎందుకలా ఉందో మా బాబాయి బండిని చూపించి చెబుతాను.

అది టాటామొబైల్ 206. మన వయసు వాళ్లలో చాలామంది ఈ పేరు విని ఉండరు. టాటా కంపెనీ దీన్ని 1988లో తెచ్చింది. అప్పట్లో ఆ కంపెనీ పేరు టెల్కో. ఈ పికప్ ఆధారంగానే 1991లో సియెర్రా, ఆ తర్వాత ఎస్టేట్ కార్లు వచ్చాయి. 1994లో వచ్చిన సుమోకూ ఇదే ఇంజిన్ వాడారు. అందుకే ఇప్పటికీ సామాను దొరుకుతోంది. పాత బండి కొనేముందు దాని అందం కన్నా దాని చుట్టాలెవరో కనుక్కోవడం మంచిది.

ఆ ఇంజిన్ పేరు 483 డీఎల్. 4 అంటే నాలుగు సిలిండర్లు, 83 అంటే సిలిండర్ వ్యాసం 83 మిల్లీమీటర్లు. పిస్టన్ కదిలే దూరం 90 మిల్లీమీటర్లు. స్థూపం ఘనపరిమాణం సూత్రంలో ఈ అంకెలు వేసి నాలుగుతో హెచ్చిస్తే సుమారు 1948 ఘన సెంటీమీటర్లు వస్తుంది. బండి కాగితాల్లో ఉండే 'సీసీ' అంటే ఇదే. నమ్మకం లేకపోతే లెక్క వేసి చూడండి.

బాబాయి రాయపూర్‌లో హోటళ్లకు ఇడ్లీ, దోసె పిండి సరఫరా చేస్తాడు. రోజూ అద్దె ఆటోకి పోసే డబ్బు మిగులుతుందని, లారీలకు పేరున్న సాలూరులో ఈ బండి కొన్నాడు. కొత్తది కొనే స్తోమత లేదు. దీనికి ఫిట్‌నెస్ రాకపోతే తుక్కు ధరకే పోతుంది, దాచుకున్న డబ్బూ దాంతోపాటే పోతుంది.

సాలూరు నుంచి రావాలంటే కొరాపుట్ వైపు ఘాట్ ఎక్కాలి, జగదల్‌పూర్ దాటాక కేష్కాల్ ఘాట్ దిగాలి. బ్రేకుల మీద నమ్మకం లేక బండిని నడిపి తేలేదు. ఖాళీగా వస్తున్న లారీ మీద ఎక్కించి తెచ్చారు. టాటీబంద్ దగ్గరి షెడ్డులో మేస్త్రీ మొదట ముట్టుకున్నదీ బ్రేకులనే. పెడల్ తొక్కితే ఆ ఒత్తిడి బ్రేక్ ఆయిల్ ద్వారా చక్రాలకు చేరుతుంది. ద్రవం నొక్కితే కుంచించుకోదు కాబట్టే ఇది సాధ్యం, పాస్కల్ నియమం మనం చదివిందే. అయితే ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. ఘాట్ దిగుతూ బ్రేకు అదేపనిగా తొక్కితే ఆ వేడికి ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నొక్కితే కుంచించుకుపోతుంది. కాలు కిందికి పోతుంది, బండి ఆగదు. అందుకే పాత ఆయిల్ మొత్తం తీసేసి, రబ్బరు వాషర్లు, గొట్టాలు అన్నీ మార్చారు.

తర్వాత ఛాసిస్. దీనికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు, చిన్న సుత్తి చాలు. తడుతూ పోతే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట మొద్దు శబ్దం వస్తుంది. తుప్పు, అది తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. దాని మీద రంగు వేస్తే కొన్నాళ్లకే పొక్కులు లేచి ఊడిపోవడానికి కారణం ఇదే. తుప్పు ఊడగొట్టి, పాడైన ముక్క కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. కమాన్ కట్టల్లో విరిగిన పట్టీలు రెండు మార్చారు.

ఇంజిన్ సంగతి సగం పొగే చెబుతుంది. నల్ల పొగ వస్తే డీజిల్ ఎక్కువో గాలి తక్కువో అయినట్టు. ఎయిర్ ఫిల్టర్, నాజిళ్లు, పంపు చూడాలి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలిపోతోంది, రింగులు అరిగి ఉండవచ్చు. బండి వేడెక్కాక కూడా తెల్ల పొగ తగ్గకపోతే డీజిల్ సరిగా మండటం లేదు, లేదా నీళ్లు లోపలికి చేరుతున్నాయి. బాబాయి బండికి నల్లపొగ వచ్చింది. 'ఇంజిన్ బోరుకొచ్చింది' అన్న మాట వినకుండా బయటపడ్డాం. నాజిళ్లు, పంపు సర్వీసింగ్‌తో సరిపోయింది.

వైరింగ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఎలుకలు కొరికినవి మార్చడమే, ఓపిక కావాలి.

మా నాన్న పనిచేసే వ్యాగన్ రిపేర్ షాపులోనూ ఇదే వరస. పీఓహెచ్‌కి వచ్చిన వ్యాగన్‌కి చక్రాలు, బ్రేకులు చూసి, తుప్పు పట్టిన రేకులు మార్చి, చివరికి రంగు వేస్తారు. ఆ రంగు మీద పీఓహెచ్ తేదీ, మళ్లీ రావలసిన తేదీ రాస్తారు. ఈసారి గూడ్సు బండి ఆగినప్పుడు చూడండి, కనిపిస్తాయి.

ఇక కాగితాలు. ఇవి మనలాంటి బదిలీల కుటుంబాలకు బాగా తెలిసిన తలనొప్పి. వేరే రాష్ట్రంలో బండిని 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి పాత ఊరి రవాణా ఆఫీసు నుంచి ఎన్ఓసీ కావాలి. మన నాన్నల కార్లకు, స్కూటర్లకు 2021లో బీహెచ్ సిరీస్ వచ్చింది. ఆ నంబరున్న బండికి రాష్ట్రం మారినా మళ్లీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సరుకుల బండికి మాత్రం ఆ వసతి లేదు. పైగా 8 ఏళ్లు దాటిన సరుకుల బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష.

ఎన్ఓసీ చేతికొచ్చింది. పరీక్షకు ఇంకా రోజు ఇవ్వలేదు. అది నెగ్గితేనే ఏపీ 35 పోయి సీజీ 04 వస్తుంది. రంగుకి అప్పుడే డబ్బు తీస్తానన్నాడు బాబాయి. ప్రస్తుతం బండి ఒక తలుపు పాత నీలం, ఇంకో తలుపు ఎర్ర ప్రైమర్.