గోధుమల ఎగుమతి నిషేధం: 2022–24 మధ్య ధర భారం ఎవరిపై పడింది?

2022 మే 12న కేంద్ర ప్రభుత్వం ఒక ప్రకటన వెలువరించింది. ఆ ఆర్థిక సంవత్సరంలో కోటి టన్నుల గోధుమలను విదేశాలకు పంపాలన్నది లక్ష్యమనీ, అందుకోసం ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, మొరాకో, అల్జీరియా, లెబనాన్ సహా తొమ్మిది దేశాలకు వాణిజ్య ప్రతినిధి బృందాలు వెళ్లనున్నాయనీ దాని సారాంశం. మరునాడే, మే 13న, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ గోధుమల ఎగుమతిని తక్షణం నిషేధిస్తూ ఉత్తర్వు జారీ చేసింది. ఈ రెండు పత్రాల మధ్య ఒక్క రోజే వ్యవధి. ధాన్య వాణిజ్యంలో ప్రభుత్వ జోక్యం ఎలా ఉండకూడదో తెలుసుకోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు. అయితే నిషేధం తప్పా ఒప్పా అన్న చర్చలో మరుగున పడిన ప్రశ్న ఒకటి ఉంది: దాని భారాన్ని ఎవరు మోశారు? ఆ లాభం ఎవరికి చేరింది?

ప్రపంచ విపణి స్వభావం

ప్రపంచంలో ఏటా పండే గోధుమలు సుమారు 78 కోట్ల టన్నులు. అందులో దేశాల సరిహద్దులు దాటేది దాదాపు 20 కోట్ల టన్నులు మాత్రమే, అంటే నాలుగో వంతు. మిగిలినదంతా పండిన దేశంలోనే ఖర్చవుతుంది. నిల్వల సంగతి చూస్తే, అంచనాల ప్రకారం ప్రపంచ నిల్వల్లో దాదాపు సగం చైనా గోదాముల్లోనే ఉంది. అది అమ్మకానికి వచ్చే సరుకు కాదు. అందువల్ల లెక్కల్లో కనిపించే సమృద్ధి వేరు, కొనుగోలుదారుకు అందుబాటులో ఉన్న సరుకు వేరు. పైగా రొట్టె తినే కుటుంబం ధర పెరిగిందని తిండిని సగానికి తగ్గించుకోలేదు. గిరాకీ ఇలా బిగుసుకుని ఉన్నచోట సరఫరాలో చిన్న లోటు కూడా ధరను చాలా ఎత్తుకు లేపుతుంది.

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైనప్పుడు జరిగింది ఇదే. ప్రపంచ గోధుమ ఎగుమతుల్లో ఆ రెండు దేశాల వాటా నాలుగో వంతుకు మించి ఉండేది. మార్చి మొదటి పక్షంలో షికాగో ఫ్యూచర్స్ విపణిలో బుషెల్ ధర ఒక దశలో 13 డాలర్లు దాటింది. ఆహార వ్యవసాయ సంస్థ ఆహార ధరల సూచీ ఆ నెలలో అప్పటివరకు ఎన్నడూ లేనంత స్థాయికి చేరింది. నల్ల సముద్రపు గోధుమపై ఆధారపడిన ఈజిప్టు, లెబనాన్ వంటి దేశాలు కొత్త అమ్మకందారుల కోసం వెతకసాగాయి. భారత్ ముందుకు వచ్చింది ఆ ఖాళీలోకే. 2021–22లో మన ఎగుమతులు 70 లక్షల టన్నులను మించాయి. ప్రపంచ వాణిజ్యంలో అది నాలుగు శాతానికి లోపే. అయినా మే 13 ఉత్తర్వు తరువాత విపణి తెరిచిన తొలి రోజునే షికాగోలో ధర అనుమతించిన గరిష్ఠ పరిమితి మేరకు పెరిగింది. ఆ సమయంలో చివరి ఆశగా మిగిలిన అమ్మకందారు తలుపు వేశాడన్న భయం ఆగిపోయిన సరుకు పరిమాణం కంటే ఎక్కువ పని చేసింది.

ఇటువంటి భయం కొత్తది కాదు. 2006–08 ధరల సంక్షోభాన్ని అధ్యయనం చేసిన విల్ మార్టిన్, కిమ్ ఆండర్సన్ అనే ఆర్థికవేత్తలు ఆనాటి ప్రపంచ ధరల పెరుగుదలలో బియ్యం విషయంలో దాదాపు 45 శాతానికి, గోధుమల విషయంలో సుమారు 30 శాతానికి ప్రభుత్వాల స్వీయ రక్షణ చర్యలే కారణమని లెక్కగట్టారు. 2010 ఆగస్టులో కరవు, కార్చిచ్చుల నడుమ రష్యా ఎగుమతులు నిలిపివేసినప్పుడూ ధరలు ఇలాగే ఎగిశాయి. ప్రతి దేశమూ తన ప్రజల కోసం తలుపు మూస్తుంది. అందరూ మూసిన తలుపుల వల్ల పెరిగిన ధర మళ్లీ అందరి గడపలకూ వస్తుంది.

నిల్వలు తరిగిన తీరు

ప్రభుత్వ నిర్ణయానికి హేతువు లేకపోలేదు. 2022 మార్చి, భారత వాతావరణ శాఖ 122 ఏళ్ల రికార్డుల్లో అత్యంత వేడి మార్చిగా నమోదైంది. గింజ పాలు పోసుకుని గట్టిపడే దశలో వీచిన వడగాలి పంజాబ్, హర్యానా పొలాల్లో గింజను ఎండబెట్టింది. ఫిబ్రవరిలో 11.13 కోట్ల టన్నులుగా వేసిన దిగుబడి అంచనాను మే నెలలో 10.64 కోట్ల టన్నులకు దించాల్సి వచ్చింది. మరోవైపు క్వింటాలుకు 2,015 రూపాయల మద్దతు ధర కంటే ప్రైవేటు వ్యాపారులు ఎక్కువ ఇస్తుండడంతో రైతులు అటే మొగ్గారు. ముందటి ఏడాది 433 లక్షల టన్నులు సేకరించిన ప్రభుత్వ సంస్థలు ఆ రబీలో సేకరించినది 188 లక్షల టన్నులే. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద సుమారు 80 కోట్ల మందికి ధాన్యం ఇవ్వవలసిన వ్యవస్థకు ఇది సామాన్యమైన లోటు కాదు. ఉచిత ధాన్య పథకంలో పలు రాష్ట్రాలకు గోధుమల బదులు బియ్యం కేటాయించడం ఆ ఒత్తిడికి తొలి సూచన. 2023 ఏప్రిల్ 1 నాటికి కేంద్ర నిల్వ 83 లక్షల టన్నులకు పడిపోయింది. ఆ తేదీకి ఉండవలసిన కనీస మట్టం 74.6 లక్షల టన్నులు.

కాబట్టి ఎగుమతిని కట్టడి చేయడమే తప్పని అనడం నిల్వల లెక్క తెలియని మాట. లోపం వేరే చోట ఉంది. మార్చి ఎండ ఎవరికీ కనబడని రహస్యం కాదు. అయినా అధికారిక అంచనా మే దాకా మారలేదు. ఆ మధ్యకాలంలో విడుదలైన ప్రతి ప్రకటనా ఎగుమతులను ప్రోత్సహిస్తూనే వచ్చింది. వ్యాపారులు ఆ మాటలు నమ్మి ఒప్పందాలు చేసుకున్నారు, సరుకును కాండ్లా వంటి రేవులకు తరలించారు. ఉత్తర్వు వెలువడ్డాక అప్పటికే పరపతి పత్రాలు పొందిన ఒప్పందాలకు మినహాయింపు ఇచ్చారు. వెనుకటి తేదీలతో పత్రాలు సృష్టిస్తున్నారన్న అనుమానం రాగానే వాటిని స్వయంగా తనిఖీ చేయవలసి రావడం హఠాత్ నిర్ణయాలకు అనివార్యంగా తోడయ్యే తలనొప్పి. కాండ్లాలో ఈజిప్టు కోసం ఎక్కిస్తున్న 61,500 టన్నుల ఓడను ఆ దేశ అభ్యర్థనపై ప్రత్యేకంగా విడిచిపెట్టారు.

రైతు అమ్మిన ధర, వినియోగదారు కొన్న ధర

నిషేధం వెలువడిన వెంటనే ఉత్తరాది మండీలలో ధరలు దిగాయి. కొత్త పంట ఇంకా వస్తున్న సమయమది. గోదాము లేక, అప్పు తీర్చక తప్పక అమ్ముకుంటున్న చిన్న రైతుకు ఆ తగ్గుదల నేరుగా తగిలింది. కానీ ఆ ధర ఎంతోకాలం నిలవలేదు. సరుకు రైతు చేయి దాటి వ్యాపారుల నిల్వల్లోకి చేరాక, ప్రభుత్వ గోదాములు ఖాళీ అవుతున్నాయన్న సంగతి అందరికీ తెలిశాక, ధర మళ్లీ ఎగబాకి 2023 జనవరిలో ఢిల్లీలో క్వింటాలు 3,000 రూపాయలు దాటింది. అప్పుడు ప్రభుత్వం బహిరంగ మార్కెట్ అమ్మకాల పథకం కింద తొలుత 30 లక్షల టన్నులు, ఫిబ్రవరిలో మరో 20 లక్షల టన్నులు విడుదల చేసింది. ఆ తరువాతే ధర తగ్గింది. జూన్‌లో టోకు వ్యాపారులకు 3,000 టన్నుల నిల్వ పరిమితి విధించింది.

ఈ క్రమాన్ని వరుసగా చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. మే నెలలో అమ్మిన రైతుకు ఎగుమతి ధర అందలేదు. జనవరిలో పిండి కొన్న గృహిణికి నిషేధం చేసిన మేలూ అందలేదు. మధ్యలో సరుకు పట్టుకుని కూర్చోగలిగినవారికి రెండు ధరల మధ్య తేడా దక్కింది. వినియోగదారునికి ఊరట కలిగించినది గోదాము నుంచి బయటికి వచ్చిన సరుకే తప్ప, సరిహద్దు వద్ద ఆగిన సరుకు కాదు. మద్దతు ధర రైతుకు నేలలాంటిదని అంటారు. ఎగుమతి నిషేధం ఆ నేల మీద వేసిన పైకప్పు. నేల ఎంత ఎత్తులో ఉంటుందో పంట ముందే తెలుస్తుంది, పైకప్పు ఎప్పుడు దిగుతుందో మాత్రం తెలియదు.

నిబంధనలు, ప్రత్యామ్నాయాలు

ఆహార పదార్థాల తీవ్ర కొరత నివారణకు తాత్కాలిక ఎగుమతి నిషేధాన్ని గాట్ ఒప్పందంలోని 11వ అధికరణం అనుమతిస్తుంది. వ్యవసాయ ఒప్పందంలోని 12వ అధికరణం దిగుమతి దేశాల ఆహార భద్రతను పరిగణించాలనీ, లిఖితపూర్వకంగా తెలియజేయాలనీ మాత్రమే కోరుతుంది. 2022 జూన్‌లో జెనీవా మంత్రివర్గ సమావేశం ప్రపంచ ఆహార కార్యక్రమం కొనే ధాన్యాన్ని ఇటువంటి ఆంక్షల నుంచి మినహాయించింది. ఇంతకు మించి ఈ విషయంలో నియమ బలం లేదు. దిగుమతి సుంకాలకు పరిమితులు విధించిన సంస్థ ఎగుమతి ఆంక్షల విషయంలో ఇంత ఉదారంగా ఉండడానికి కారణం, ఆ నియమాలు రాసిన కాలంలో ధాన్యపు మిగులే సమస్య కావడం.

రష్యా 2021 జూన్ నుంచి అమలు చేస్తున్న విధానం పోల్చదగినది. అక్కడ నిషేధం బదులు, నిర్ణీత మూల ధరకు మించిన మొత్తంలో 70 శాతాన్ని ఎగుమతి సుంకంగా వసూలు చేశారు. రైతుకు దానివల్ల నష్టం లేదని చెప్పలేం. సుంకం కూడా అతని ధర నుంచే పోతుంది. కానీ లెక్క బహిరంగం. ధర ఎంత పెరిగితే ఎంత పోతుందో విత్తే ముందే అంచనా వేసుకోవచ్చు. వసూలైన సొమ్ము ఖజానాకు చేరుతుంది గనుక దాన్ని తిరిగి సాగుకు మళ్లించే వీలుంటుంది. పూర్తి నిషేధంలో ఆ సొమ్మే పుట్టదు.

గోధుమ తెలుగు నేల పంట కాదు గనుక ఈ చర్చ దూరంగా అనిపించవచ్చు. కానీ అదే పద్ధతి వరికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని నిషేధించిన ప్రభుత్వం, 2023 జూలై 20న బాస్మతియేతర తెల్ల బియ్యాన్నీ ఆపింది. ప్రపంచ బియ్యం వాణిజ్యంలో భారత్ వాటా సుమారు 40 శాతం కావడం వల్ల దాని ప్రభావం గోధుమల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అమెరికాలోని భారతీయ దుకాణాల ముందు సోనా మసూరి బస్తాల కోసం తెలుగువారు బారులు తీరిన దృశ్యాలు వార్తలయ్యాయి. వార్త కానిది కాకినాడ రేవు మీద ఆధారపడిన మిల్లుల, హమాలీల, గోదావరి జిల్లాల వరి రైతుల సంగతి. ఆ నిషేధం 2024 సెప్టెంబరు 28న తొలగింది. అప్పటికి ఒక ఖరీఫ్, ఒక రబీ ఆ ఆంక్ష కిందే అమ్ముడుపోయాయి.