అమ్మాయి చేతిలోని నవల



కాలేజీలో చదివే అమ్మాయి పొద్దుపోయేదాకా ఏదో నవల చదువుతూ ఉంటుంది. మర్నాడు పక్క సర్దుతూ మీరు నాలుగు పేజీలు తిప్పుతారు. అందులో ఒక ఆడపిల్ల మీద అత్యాచారం, ఆ తరువాత ఆ పిల్ల లోలోపల కుమిలిపోవడం, ఆపైన పగ. మీ గుండె గుభేలుమంటుంది. "ఇవా నువ్వు చదివేవి?" అని పుస్తకం లాక్కుంటాం. అలా లాక్కునే ముందు కాస్త ఆలోచించాలి అన్నదే ఈనాటి విషయం.

పద్దెనిమిది దాటి పాతిక లోపున్న వాళ్ల కోసం రాసే ఇలాంటి నవలలకు "న్యూ ఎడల్ట్" అని పేరు. 2009లో అమెరికాలోని సెయింట్ మార్టిన్స్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చింది. పేరు కొత్తదే గాని, నవల పట్టుకుంటే వదలని అలవాటు మనకు కొత్తదా చెప్పండి? మొవ్వ దగ్గర కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి నవలల కోసం బందరులోనూ, గుడివాడలోనూ అద్దె పుస్తకాల కొట్ల చుట్టూ తిరిగిన తరం మనది. అప్పుడు మన అమ్మలూ కేకలేశారు. మనం చదవడం మానామా?

అపరాధ భావం కూడా మన సాహిత్యానికి కొత్త కాదు. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని గోపీచంద్ 1940ల దశకంలోనే "అసమర్థుని జీవయాత్ర" రాశారు. మనసు తనతో తానే వాదించుకుని, తననే తినేస్తే మనిషి ఏమవుతాడో అందులో చూపించారు. అయితే ఒక తేడా గమనించండి. అక్కడ మథనపడేవాడు తన చేతగానితనానికి తానే మథనపడ్డాడు. అత్యాచారం కథల్లో మథనపడేది తప్పు చేసినవాడు కాదు, దెబ్బ తిన్న పిల్ల!

ఇదెందుకు జరుగుతుంది? కొంత మన మాటల్లోనే ఉంది. "మానభంగం" అంటాం. "చెడిపోయింది" అంటాం. "శీలం పోయింది" అంటాం. చేసింది వాడు, పోయింది మాత్రం ఈమెది! దొంగ ఇంట్లో పడి నగలు పట్టుకుపోతే ఇంటివాళ్లు చెడిపోయారని ఎవరమైనా అంటామా? పుట్టినప్పటి నుంచీ ఈ మాటలు విన్న పిల్ల, తనకు అన్యాయం జరిగిన రోజున "నేను అటు వెళ్లకపోతే బాగుండేది, ఆ బట్టలు వేసుకోకపోతే బాగుండేది" అని తనను తానే నిందించుకుంటుంది.

ఇంకొకటి, "అరవలేదేం? పెనుగులాడలేదేం?" అని అడుగుతారు. అహల్య రాయి అయిందని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అది శాపమన్నారు. విపరీతమైన భయంలో ఒళ్లు నిజంగానే కొయ్యబారిపోతుందనీ, నోరు పెగలదనీ, కాలూ చెయ్యీ ఆడవనీ వైద్యులు చెబుతున్నారు. అది ఒప్పుకోవడం కాదు, బెదిరిన ప్రాణి లక్షణం. ఓల్గా "విముక్త" కథల్లో ఇదే అహల్య సీతతో మాట్లాడుతుంది. తన తప్పొప్పులను విచారించే అధికారం అసలు ఇతరులకెక్కడిదని అడుగుతుంది. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

న్యాయస్థానాలకు కూడా ఈ సంగతి తలకెక్కడానికి చాలా కాలం పట్టింది. మథుర కేసుగా పేరుబడిన కేసులో, ఒంటిమీద గాయాలు లేవనే మాటకు బరువిచ్చి 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు దాన్ని తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. దేశమంతా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమైంది. పెనుగులాడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడానికి వీల్లేదని 2013లో చట్టంలోనే రాశారు.

ఇక పగ సంగతి. 1985లో టి. కృష్ణ తీసిన "ప్రతిఘటన"లో, నలుగురిలో అవమానం పాలైన లెక్చరరు చివరికి గొడ్డలి పడుతుంది. హాల్లో ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి చూశారు. న్యాయం దొరకని చోట పగ కథ మనసుకు ఊరటే, కాదనను. కానీ కథలో విలన్ మనకు సంబంధం లేని రౌడీ. నిజజీవితంలోనో? పోలీసు లెక్కల్లో నూటికి తొంభైకి పైగా కేసుల్లో నిందితుడు ఆ పిల్లకు తెలిసినవాడే. చుట్టమో, పొరుగువాడో, ప్రేమించానన్నవాడో. వాడి మీద గొడ్డలెత్తడం కాదు, వాడి పేరు ఇంట్లో చెప్పడమే ఆ పిల్లకు కొండంత పని.

ఒక రకం నవలలతో మాత్రం జాగ్రత్త. బలవంతం చేసినవాడే చివరికి ప్రేమికుడై, మొగుడైపోతాడు. మన పెద్దమనుషులు "పెళ్లి చేసేస్తే సరి" అని తీర్పు చెప్పినట్టే ఇదీను. ఈ నేరంలో రాజీ అనే మాటే రాకూడదని 2015లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇదే మాట అమ్మాయితో అనండి. పుస్తకం లాక్కుని కాదు, మీరూ చదివి. "ఈ పిల్ల వాళ్లమ్మతో ఎందుకు చెప్పలేదంటావ్?" అని అడిగి చూడండి. వచ్చే జవాబులో మీ ఇల్లు కనబడుతుంది. పుస్తకానికే కేకలేసే అమ్మకు, అంతకన్నా పెద్ద సంగతి ఏ పిల్ల చెబుతుంది?

ఒకవేళ అలాంటి కబురే వింటే, ముందు "నిన్ను నమ్ముతున్నాను, తప్పు నీది కాదు" అనండి. ప్రశ్నలు తరువాత. ఒంటిమీది బట్టలు ఉతకకుండా దాచండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా, ఉచితంగా వైద్యం చెయ్యాలని చట్టం. "మా పరిధి కాదు" అని పోలీసులు తిప్పి పంపకూడదు. బెజవాడ హాస్టల్లో ఉన్న దివిసీమ అమ్మాయికి అక్కడేదైనా జరిగితే, అవనిగడ్డ స్టేషన్లోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. అక్కడ రాసుకుని ఇక్కడికి పంపడం, అక్కణ్ణించి దర్యాప్తు నడవడం వాళ్ల బాధ్యత. ఆమె చెప్పింది మహిళా అధికారి చేత రాయించమని అడగండి. ఇంటి దగ్గరే చెప్పే హక్కు కూడా ఉంది. దారి తోచకపోతే 181కి గాని, 112కి గాని ఫోను చెయ్యండి.

నవలలో పిల్ల ఒంటరిగా కుమిలిపోతుంది, ఒంటరిగానే పగ తీర్చుకుంటుంది. ఆ రెండింటికీ మధ్య అమ్మ ఉంటే కథ వేరుగా ఉండేది. మన ఇంట్లో ఆ చోటు ఖాళీగా లేకుండా చూసుకుందాం. సెలవు.