పెరుగన్నం తిన్నా పిల్లి బక్కచిక్కుతున్నదా?

ఇంటిల్లిపాది ఆరోగ్యాన్ని గురించి వైద్యుని అడిగే గృహిణులు, చివరన కొంచెం మొహమాటపడుతూ అడిగే ప్రశ్న ఒకటున్నది. జగిత్యాలలోను, కోరుట్లలోను, సిరిసిల్లకు వెళ్లినపుడు అక్కడి బంధువుల ఇండ్లలోను ఈ ప్రశ్నను నేను పలుమార్లు విన్నాను. “దినాం కడుపునిండ పెరుగన్నమే పెడుతున్నం గద సార్, మరి మా పిల్లికి బొక్కలెందుకు తేలుతున్నయి?” నేను మనుషుల వైద్యుణ్ణే గాని పశువైద్యుణ్ణి కాను. అయినా ఈ ప్రశ్నలోని చిక్కు ఆహార విజ్ఞానానికి సంబంధించినది. పైగా మన గృహవైద్యపు అలవాట్లే కొన్నిసార్లు ఆ మూగజీవి ప్రాణం మీదికి తెస్తున్నందున, ఈ పుటల్లో దానిని చర్చించడం అవసరమని భావిస్తున్నాను.

చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో అతికృశత్వాన్ని గురించి విపులమైన చర్చ ఉన్నది. రూక్షమైన అన్నపానాలు, ఉపవాసం, కొద్దిపాటి భోజనం మొదలైనవి కార్శ్యానికి కారణాలని చెప్పి, బక్కచిక్కినవారికి కొత్త బియ్యపు అన్నం, పెరుగు, పాలు, నెయ్యి, చెరకు రసపు వికారాలు, మినుములు మొదలైన బృంహణ ద్రవ్యాలను ఆచార్యుడు విధించాడు. మన ఇండ్లలో తరతరాలుగా వచ్చిన “ఒళ్లు చేయాలంటే పాలు, పెరుగు, నెయ్యి” అనే మాటకు మూలం ఇదే. మనిషికి ఈ విధి చక్కగా సరిపోతుంది. ఇదే విధిని మనం పిల్లికి కూడ వర్తింపజేస్తున్నాము. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

పిల్లి స్వభావాన్ని చరకుడు వేరుగానే గుర్తించాడు. అదే సూత్రస్థానం 27వ అధ్యాయంలో జంతువులను వర్గాలుగా విభజించినపుడు మార్జాలాన్ని పులి, సింహం, తోడేలు మొదలైన వాటితో కలిపి ‘ప్రసహ’ వర్గంలో, అనగా బలాత్కారంగా లాగికొని తినే ప్రాణులలో చేర్చాడు. మన వంటింటి గడప మీద ఒదిగి కూర్చున్నంత మాత్రాన దాని జాతి మారదు. ఆధునిక శాస్త్రం కూడ పిల్లిని నియత మాంసాహారి అనే అంటున్నది. కుక్క మనతో కలిసి బ్రతుకుతూ అన్నం, రొట్టె జీర్ణించుకోవడానికి చాలవరకు అలవాటుపడింది. పిల్లి అట్లా మారలేదు.

లెక్క వేసి చూస్తే సంగతి తేటపడుతుంది. 3 కిలోల బరువు ఉండవలసిన పిల్లికి రోజుకు దాదాపు 180 నుండి 200 కేలరీల శక్తి కావాలి. మాంసకృత్తులు ఎంత తక్కువనుకున్నా 10 గ్రాములు, మంచి పోషణకు 15 గ్రాములు, అంతకు మించి కావాలి. 100 గ్రాముల పెరుగన్నంలో మాంసకృత్తులు 3 గ్రాముల చిల్లర మాత్రమే. అంటే కనీస అవసరం తీరాలన్నా పిల్లి పావు కిలోకు మించి పెరుగన్నం తినాలి. దాని పొట్ట పిడికెడు. 100 గ్రాముల ఉడికించిన కోడిమాంసంలో మాంసకృత్తులు 25 గ్రాములకు పైగా ఉంటాయి. కడుపు నిండినా ఒళ్లు నిండకపోవడానికి ఇదే కారణం.

ఇంకొక రహస్యం టారిన్ అనే పదార్థంలో ఉన్నది. మనుషుల శరీరం దీనిని తనంతట తాను తయారుచేసుకోగలదు. పిల్లి శరీరానికి ఆ శక్తి అత్యల్పం. టారిన్ మాంసంలోను, చేపలోను, ముఖ్యంగా గుండెకాయలోను ఉంటుంది. బియ్యంలో, పప్పులో ఉండదు. పాలలోనూ లెక్కలోకి రానంత స్వల్పం. టారిన్ కొరవడిన పిల్లులకు కంటి లోపలి పొర క్షీణించి చూపు పోతుందని 1975లోను, గుండె కండరాలు సాగి బలహీనపడతాయని 1987లోను అమెరికా శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఆ పిమ్మటనే తయారీ పిల్లి ఆహారాలలో టారిన్ మోతాదును పెంచారు. ‘ఎ’ విటమిన్ విషయమూ అంతే. క్యారెట్టులోని పదార్థాన్ని మనం విటమిన్‌గా మార్చుకోగలము, పిల్లి మార్చుకోలేదు. దానికి తయారుగా ఉన్న విటమిన్ జంతుపదార్థం నుండే అందాలి. బెల్లం కలిపితే ఇష్టంగా తింటుందేమోనని కొందరు ప్రయత్నిస్తారు. పిల్లి నాలుకకు తీపి తెలియదని, తీపిని పట్టే జన్యువు దానిలో పనిచేయదని 2005లో తేలింది. పాల పట్ల దాని ఆశ కొవ్వు కోసమే గాని తీపి కోసం కాదు. ఎదిగిన పిల్లులలో చాలవాటికి పాలలోని చక్కెర జీర్ణం కాక విరేచనాలవుతాయి, ఉన్న ఒళ్లు కూడ తగ్గుతుంది. పెరుగు కొంత నయం, ఒక చెంచా వరకు ఫరవాలేదు.

ముందు చూడవలసినవి

ఆహారం మార్చడానికి ముందు, పిల్లి నిజంగా బక్కదేనా అని తెలుసుకోవాలి. మీ పిడికిలి బిగించి కణుపుల మీద వేలు రాయండి. పిల్లి పక్కటెముకలు చేతికి అట్లా గరుకుగా తగిలితే అది చాల బక్కగా ఉన్నట్లు. చేతిని చాపి వెనుకవైపు రాసినపుడు తగిలినట్లు పలుచని పొర కింద తెలిస్తే సరిగా ఉన్నట్లు. వెన్నెముక, తుంటి ఎముకలు కంటికే కనబడుతుంటే సందేహించనక్కరలేదు.

తర్వాత ప్రశ్న: తినక బక్కదా, తినీ బక్కదా? పిల్లకూనల వెన్ను ఎండి పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే నులిపురుగులను అనుమానించాలి. తోక కింద వెంట్రుకలకు బియ్యపు గింజల వంటి తునకలు అంటుకొని ఉంటే అవి బద్దె పురుగులవి. ఇవి గోమార్ల ద్వారా వస్తాయి కావున గోమార్లకు కూడ వైద్యం చేయించాలి. నోటి దుర్వాసన, చొంగ, ముద్దను పట్టి వదలివేయడం పంటి చిగుళ్ల జబ్బుకు గుర్తులు. పది సంవత్సరాలు దాటిన పిల్లి ఆవురావురుమని తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ గ్రంథి ఉద్రేకమో, మధుమేహమో కావచ్చు. నీరు ఎక్కువ త్రాగి మూత్రం ఎక్కువ పోస్తుంటే మూత్రపిండాల సంగతి చూడాలి. మూత్రపిండాలు చెడిన పిల్లికి నేను క్రింద చెప్పబోయే ఆహారం వైద్యుని అనుమతి లేనిదే పెట్టరాదు. రెండు రోజులుగా ఏమీ ముట్టని పిల్లి విషయంలో ఇంటి చిట్కాలతో కాలయాపన చేయరాదు. దాని కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణాపాయం కలుగుతుంది. కూనలకైతే ఒక్కరోజు కూడ ఎక్కువే. కోరుట్లలో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉన్నది. జగిత్యాల వారికి అది దూరం కాదు.

మన మందులు దానికి విషం

ఆయుర్వేద పత్రికలో ఈ మాట వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. అయినా తప్పదు. అనేక ఔషధాలను విరిచి బయటికి పంపే ఒక ముఖ్యమైన కాలేయ ప్రక్రియ పిల్లిలో బహు మందం. మనకు జ్వరం తగ్గించే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. కర్పూరం, నీలగిరి తైలం, టీ ట్రీ తైలం పూయడం, నాకించడం రెండూ ప్రమాదమే. పురుగులు పోవాలని వెల్లుల్లి దంచి తినిపించేవారున్నారు. వెల్లుల్లి, ఉల్లి రెండూ పచ్చివైనా, వండినవైనా, పొడియైనా పిల్లి రక్తకణాలను పగులగొట్టి పాండురోగం తెస్తాయి. కావున మన మాంసం కూరలోని ముక్కను కడిగి పెట్టినా లాభం లేదు, ఉల్లి రసం అప్పటికే లోపలికి ఇంకి ఉంటుంది. వాయువిడంగాలు, అశ్వగంధ చూర్ణం, చ్యవనప్రాశ లేహ్యం “కొంచెమే కదా” అని నాకించవద్దు. వాటి మోతాదులు మనిషి శరీరాన్ని ఉద్దేశించి చెప్పినవి. పురుగుల మందును బరువు తూచి పశువైద్యుడే ఇవ్వాలి.

ఏమి పెట్టాలి?

మాంసం వండుకొనే ఇండ్లలో ఇది సులభం. తాళింపు వేయక ముందే పిల్లి వాటా తీసివేయండి. ఎముక లేని తొడ మాంసం 150 గ్రాములు చిన్న ముక్కలు చేసి, కొద్ది నీటిలో ఉప్పు, కారం, పసుపు లేకుండ ఉడికించాలి. ఉడికిన నీటిలోకి టారిన్ దిగుతుంది కావున ఆ నీటిని పారబోయక ముక్కలతోనే ఇవ్వాలి. కోళ్ల దుకాణంలో గుండెకాయలు చవుకగా దొరుకుతాయి, ఒకటి రెండు కలిపితే ఎంతో మేలు. కార్జం మాత్రం వారానికి ఒకటి రెండుసార్లు, బొటనవేలంత ముక్క చాలు. రోజూ పెడితే ‘ఎ’ విటమిన్ మితిమీరి ఎముకలు బిగుసుకుపోతాయి. ఉడికిన ఎముకలు పెళుసెక్కి విరిగి పేగులను చీలుస్తాయి, అవి వద్దు.

ఎముక లేని వట్టి మాంసంలో సున్నం తక్కువ. నెలల తరబడి అదే పెడితే పిల్లి తన ఎముకలలోని సున్నాన్ని కరిగించుకొని కుంటిదవుతుంది. ఇందుకు కోడిగ్రుడ్డు పెంకును పది నిమిషాలు మరిగించి, ఆరబెట్టి, మెత్తగా వస్త్రగాళితం చేసి ఉంచుకోండి. 100 గ్రాముల పచ్చి మాంసానికి అర గ్రాము, అనగా చిన్న చెంచాలో పదో వంతు కలపాలి. ఉడికించిన కోడిగ్రుడ్డు సగం, రోజు విడిచి రోజు ఇవ్వవచ్చు. పచ్చి తెల్లసొన మంచిది కాదు.

మానేరు చేపలు దొరికే సిరిసిల్ల వైపు వారికి చేప చవుక. బొచ్చె, రోహు వంటి వాటిని ముళ్లు తీసి, తప్పక ఉడికించి పెట్టాలి. పచ్చి చేపలోని ఒక పదార్థం ‘బి1’ విటమిన్‌ను నాశనం చేస్తుంది. వారానికి రెండు మూడు పూటలకు మించకుండ చూడండి. ఎండు చేపలలో ఉప్పు విపరీతం, వాటి జోలికి పోవద్దు.

ఇంత చేసినా ఇంటి వంటలో అయొడిన్, ‘ఇ’ విటమిన్ వంటివి కొరవడుతూనే ఉంటాయి. కావున సగం ఇంటి మాంసం, సగం బజారులో దొరికే సంపూర్ణ పిల్లి ఆహారం పెట్టడం ఉత్తమమని నా అభిప్రాయం. సంచి మీద అది సంపూర్ణ ఆహారమనీ, టారిన్ ఉన్నదనీ వ్రాసి ఉండాలి. పొడి గుళికలైతే 100 గ్రాములలో 350 నుండి 400 కేలరీలుంటాయి, రోజంతా అవే పెట్టేవారికి 50 గ్రాములు సరిపోతాయి. కుక్కల ఆహారం చవుక గదా అని కొనవద్దు.

ఇక మాంసం గడప దాటరాని ఇండ్లు. ఇట్టి ఇండ్ల గృహిణుల మనోవేదన నాకు తెలుసు. ఆచారం వదలుకోవాలని నేను అనను. పొడి గుళికలకు వంటిల్లు అవసరం లేదు. పెరట్లోనో, వసారాలోనో వేరే గిన్నెలో వేసి, ఆ గిన్నెను అక్కడే కడిగితే చాలు. దానికి కూడ మనసొప్పకపోతే, మాంసం తినే పొరుగింటికి ఆ పిల్లి భారాన్ని అప్పగించడమే దయ. పెరుగన్నం మీదనే దానిని నిలపాలనుకోవడం భూతదయ అనిపించుకోదు.

“ఎలుకలు పట్టి తింటుంది లెండి” అనేవారికి ఒక మాట. ఒక చుంచెలుకలో ముప్పై కేలరీలుంటాయి, రోజుకు ఆరేడు దొరికితేనే కడుపు గడుస్తుంది. ధాన్యం, పసుపు నిలవచేసే కొట్లలో ఎలుకల మందు పెట్టడం మామూలే. ఆ మందు తిన్న ఎలుకను తిన్న పిల్లికీ గండమే. ఆకలితో మాడ్చితేనే పిల్లి బాగా వేటాడుతుందనే నమ్మకం నిజం కాదు, కడుపు నిండిన పిల్లి కూడ వేటాడుతుంది. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు దగ్గర తిరిగే పిల్లికి కార్మికుడొకడు తన సద్దిలోంచి రోజూ గ్రుడ్డు పచ్చసొన విడిచి పెట్టడం చూచాను. అది బాగానే వేటాడుతున్నది.

ఎట్లా మార్చాలి?

అలవాటైన అపథ్యాన్ని ఒక్కసారిగా మాన్పించక, నాలుగో వంతు చొప్పున తగ్గిస్తూ పథ్యాన్ని పెంచాలని చరకుడు సూత్రస్థానం 7వ అధ్యాయంలో చెప్పాడు. ఆయుర్వేదులు దీనిని పాదాంశిక క్రమమంటారు. పిల్లి విషయంలో ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. మొదటి రెండు మూడు రోజులు ముప్పాతిక పెరుగన్నం, పాతిక మాంసం. తరువాత సగం సగం. ఆపైన ముప్పాతిక మాంసం. పది రోజులకు పూర్తిగా కొత్త ఆహారం. విరేచనం పలుచనైతే వెనుకటి మెట్టు మీద రెండు రోజులు ఆగండి. ఒకేసారి గిన్నెడు పెట్టక, రోజుకు నాలుగైదు విడతలుగా, గోరువెచ్చగా పెట్టాలి. పిల్లి వాసన చూచి తింటుంది, చల్లబడిన ముద్దకు వాసన ఉండదు. నెయ్యి పావు చెంచా కలిపితే ఆశగా తినేవి కొన్ని ఉన్నాయి. అంతకు మించితే కడుపు చెడుతుంది.

ప్రతి ఆదివారం తూచండి. పిల్లిని ఎత్తుకొని మీరు బరువు యంత్రం మీద నిలబడి, దింపి మళ్లీ నిలబడితే తేడాయే దాని బరువు. కిరాణా కొట్టు కాంటా మీద బుట్టలో కూర్చోబెడితే గ్రాములతో సహా తెలుస్తుంది. వారానికి 50 గ్రాముల చొప్పున పెరిగితే సంతోషించవచ్చు. నాలుగు వారాలైనా ముల్లు కదలకపోతే, దాని మలాన్ని ఒక శుభ్రమైన డబ్బాలో తీసుకొని పిల్లితో సహా పశువైద్యుని వద్దకు వెళ్లండి. మన ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు తాకే వైశాఖ, జ్యేష్ఠ మాసాలలో తడి ఆహారం అరగంటలో తినకపోతే తీసివేసి గిన్నె కడగాలి. నీళ్ల మూకుడును ఆహారానికి దూరంగా, నీడన ఉంచండి.