బైక్ వచ్చు కదా అని ఏటీవీ ఎక్కేస్తున్నారా? ముందు ఈ కోర్సు చేయండి

సమ్మర్ వచ్చిందంటే చాలు, అమెరికాలో ఉన్న మన స్టూడెంట్స్ గ్రూపుల్లో ఒకటే ప్లాన్. ఇసుక దిబ్బల మీద ఏటీవీ రైడ్! నాలుగు లావు టైర్లు, ఒక హ్యాండిల్‌బార్. చూస్తే చాలా ఈజీ అనిపిస్తుంది. "ఇంటర్ నుంచి బైక్ నడుపుతున్నాం, ఇదెంత?" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. అసలు ప్రమాదం ఆ ధీమాతోనే మొదలవుతుంది.

ముందు రూల్ సంగతి చూద్దాం. ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఓరెగాన్‌లో పబ్లిక్ ల్యాండ్ మీద ఏటీవీ నడపాలంటే సేఫ్టీ ఎడ్యుకేషన్ కార్డ్ ఉండాలి. దానికి ఆన్‌లైన్ కోర్సు ఫ్రీ. పదహారేళ్లు నిండని పిల్లలకైతే ఆన్‌లైన్ ఒక్కటే సరిపోదు, ట్రైనర్ దగ్గర బండి మీద కూడా నేర్చుకోవాలి. యూటాలో 2023 నుంచి పెద్దవాళ్లు కూడా ఆన్‌లైన్ కోర్సు చేయాలి. అది కూడా ఫ్రీయే. డబ్బులు అడిగే సైట్లు కూడా కనిపిస్తాయి, తొందరపడి కట్టేయకండి. మీరు వెళ్లే రాష్ట్రం అధికారిక సైట్‌లోంచే కోర్సు ఓపెన్ చేయండి.

కోర్సు ఫోన్‌లోనే చేసుకోవచ్చు. పాఠాలు చదవాలి, ప్రశ్నలకి జవాబులు పెట్టాలి. అంతే. కానీ మనం ఏం చేస్తాం? నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతాం. బైక్ అలవాటు ఉన్నవాళ్లు మాత్రం ఈ నాలుగు విషయాల దగ్గర ఆగండి.

ఒకటి, కాలు. బైక్ ఒరిగితే కాలు కింద పెడతాం కదా? ఏటీవీ మీద అలా పెడితే వెనక టైరు పాదం మీదకి ఎక్కేస్తుంది, కాలిని లాగేస్తుంది. నేను మొదటి మలుపులోనే అలవాటుగా కాలు దించా. షూ టైరుకి తగిలింది. స్లోగా వెళ్తున్నా కాబట్టి బతికిపోయా. బండి కదులుతున్నంతసేపూ రెండు కాళ్లూ ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలి.

రెండు, మలుపు. బైక్ మనతో పాటు వంగుతుంది. ఏటీవీ వంగదు. మన ఒంటి బరువే మలుపు లోపలి వైపుకి జరపాలి. లేదంటే లోపలి చక్రాలు లేచి, బండి బయటి వైపుకి పల్టీ కొట్టొచ్చు. రెండు మూడు వందల కిలోల బండి మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మూడు, సీటు. పొడుగ్గా ఉంది కదా అని ఫ్రెండ్‌ని వెనకాల ఎక్కించుకోవద్దు. ఆ పొడుగు రైడర్ కోసమే. ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకి, దిగేటప్పుడు వెనక్కి జరగాలి. వెనక ఇంకో మనిషి ఉంటే మీరెటు జరుగుతారు? ఇద్దరు కూర్చునేలా తయారుచేసిన మోడల్ అయితేనే ఇద్దరు ఎక్కాలి.

నాలుగు, తారురోడ్డు. ఏటీవీ టైర్లలో గాలి తక్కువ ఉంటుంది, మట్టి మీద, ఇసుక మీద పట్టు కోసం. తారురోడ్డు మీద అదే బండి సరిగా కంట్రోల్‌లో ఉండదు.

హెల్మెట్, కళ్లద్దాలు, గ్లవ్స్, ఫుల్ ప్యాంటు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, చీలమండ దాటే బూట్లు... ఇవన్నీ ఉండాల్సిందే. చెప్పులతో, షార్ట్స్‌తో ఎక్కొద్దు.

ఇంకో మాట. కోర్సు పాసైతే బండి వచ్చేసినట్టు కాదు. ఈత గురించి చదివినంత మాత్రాన ఈత రాదు కదా! బొటనవేలితో యాక్సిలరేటర్ నొక్కడం కూడా మన చేతికి కొత్తే. కార్డ్ వచ్చాక చదునైన ఖాళీ చోట నెమ్మదిగా మలుపులు, బ్రేకులు ప్రాక్టీస్ చేయండి. వీలైతే ట్రైనర్ దగ్గర ఒక క్లాస్ తీసుకోండి. దిబ్బలు ఎక్కడం ఆ తర్వాతే.

ఈ వీకెండ్ ట్రిప్ ప్లాన్ చేస్తున్న ఫ్రెండ్ ఉంటే, ఈ ఎపిసోడ్ ఇవాళే పంపించండి. మళ్లీ కలుద్దాం, జాగ్రత్త!